పసుపు మస్టాంగ్ కొన్న తమ్ముడికి: హైవే మీద పందేనికి పిలిచేవాళ్ళతో ఎలా?

తమ్ముడూ, నీ ప్రశ్న పొద్దున్నే చదివాను. రెండు ముక్కల్లో చెప్పేది కాదని రాత్రి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మిగతావాళ్ళకి కూడా తెలియడానికి నువ్వడిగింది ముందు చెప్తాను. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారు కొని శ్రీకాకుళం తెచ్చుకున్నావు, పసుపు రంగు. మూడు నెలలుగా వైజాగ్ వెళ్ళొచ్చే ప్రతిసారీ ఎవడో ఒకడు పక్కకొచ్చి హారన్ కొడుతున్నాడు, లైట్లు కొడుతున్నాడు. పోయిన వారం రణస్థలం దాటాక ఒక ఎస్‌యూవీ వాడు నీ ముందుకొచ్చి కావాలని బ్రేక్ వేశాడు. "తొక్కితే ప్రాణాల మీదికొస్తుంది, తప్పుకుంటే పిరికివాడంటారు, అమ్మేయమంటారా అన్నా?" అన్నావు.

అమ్మొద్దు. చిన్నప్పటి నుంచి ఇష్టపడి, కష్టపడి కొనుక్కున్న బండి. ఎవడో దారినపోయేవాడి కోసం దాన్ని వదులుకోనక్కర్లేదు. కానీ ఆ బండితో మన రోడ్ల మీద బతకడానికి కొన్ని అలవాట్లు కావాలి. అవి నాకు ఎవరూ చెప్పలేదు, తప్పు చేశాకే నేర్చుకున్నాను.

నాది విజయనగరం. 2018 నుంచి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ నడుపుతున్నాను, మామూలు ఆక్టేవియా కంటే స్పీడు రకం, 230 హార్స్‌పవర్. నీ దాంట్లో ఐదు లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, నాలుగొందల దాకా ఉంటుంది. వ్యాపారం పని మీద వారానికి రెండుసార్లయినా నాతవలస దగ్గర హైవే ఎక్కి పలాస దాకా వెళ్ళొస్తాను. కొన్న కొత్తలో నన్నెవరైనా పిలిస్తే నేను ఆగేవాణ్ణి కాదు. పిలవకపోయినా నేనే పిలిచేవాణ్ణి.

2019 ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున శ్రీకాకుళం నుంచి వస్తున్నాను. ఎచ్చెర్ల దాటగానే ఒక తెల్ల కారు వెనకాల లైట్లు కొట్టడం మొదలుపెట్టింది. నేనూ తొక్కాను. చిలకపాలెం రాకముందే ఇద్దరం మీటరు మీద చూడకూడని అంకెలు చూస్తున్నాం. డివైడర్ గ్యాప్‌లో ఒక పెద్దావిడ నిలబడి ఉంది, నెత్తి మీద చేపల గంప. బుడగట్లపాలెం వైపు నుంచి చేపలు తెచ్చుకుని అమ్ముకునే ఆడవాళ్ళు ఆ వేళకే రోడ్డు దాటుతారు. ఆవిడ ఒక అడుగు ముందుకేసి, మమ్మల్ని చూసి, వెనక్కి తూలింది. నేను అద్దంలో చూసేసరికి గంప కిందుంది. తెల్ల కారు వెళ్ళిపోయింది. నేను ముందున్న గ్యాప్‌లో తిరిగి, మళ్ళీ ఇంకో గ్యాప్‌లో తిరిగి అక్కడికి వచ్చాను. ఆవిడకి దెబ్బ తగల్లేదు. రోడ్డు మీద పడ్డ చేపల్ని ఒక్కొక్కటీ చీర కొంగుతో తుడిచి గంపలో వేస్తోంది. నన్ను చూసి తిట్టలేదు. "ఏటి బాబూ అంత తొందర, ఆస్పత్రికేటి? ఎవులికేటయ్యింది?" అని అడిగింది. మనిషి అంత స్పీడుగా పోతున్నాడంటే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చి ఉంటుందనే ఆవిడ అనుకుంది. నాకు నోట మాట రాలేదు. చేపలన్నీ ఏరడానికి సాయం చేసి, డబ్బులిస్తే నలిగిపోయిన వాటికి మాత్రమే తీసుకుంది. ఆరోజు నుంచి ఇవాళ్టి దాకా నేను రోడ్డు మీద ఎవడితోనూ పందెం వేయలేదు.

అప్పుడు నేనెంత స్పీడులో ఉన్నానో చెప్పను గానీ, లెక్క ఒకటి చెప్తాను. గంటకి 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ముందు ఏదో అడ్డం కనిపించి, అది ఏమిటో అర్థమై, కాలు బ్రేక్ మీద పడేసరికి సెకనున్నర పడుతుంది. అంటే బ్రేక్ పడకముందే 42 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఆ తర్వాత ఇంకో 56 మీటర్లకి ఆగుతావు. మొత్తం వంద లోపు. అదే 140లో ఉంటే కాలు బ్రేక్ మీద పడేసరికే 58 మీటర్లు, మొత్తం 170 దగ్గర. ఇందులో అసలు చూడాల్సింది ఇంకొకటి ఉంది. 100లో వచ్చినవాడు పూర్తిగా ఆగిపోయిన ఆ చోటికి, 140లో వచ్చినవాడు చేరేసరికి అతని స్పీడు ఇంకా 110 ఉంటుంది. నీ బండి ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. మన రోడ్డు మీద అడ్డం వచ్చేవి నీకు తెలిసినవే. వెనక లైటు లేని వరిగడ్డి ట్రాక్టరు, టెక్కలి వైపు నుంచి గ్రానైట్ రాళ్ళతో వచ్చే ట్రెయిలరు, పైడిభీమవరంలో షిఫ్టు దిగాక బస్సులెక్కడానికి రోడ్డు దాటే కంపెనీ మనుషులు, సర్వీసు రోడ్డు మీద నుంచి రాంగ్ రూట్లో ఎక్కేసే ఆటో. సంక్రాంతి ముందయితే ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు కూడా పెడతారు.

సరే, నీ సంగతికి వద్దాం. నిన్ను పిలిచేవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టకు. మన జిల్లాల్లో ఎక్కువమంది పందేనికి రారు, బండి చూడ్డానికి వస్తారు. చిలకపాలెం దగ్గర, టెక్కలి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీల కుర్రాళ్ళు మస్టాంగ్‌ని ఫోన్లో తప్ప ఎక్కడ చూశారు? ఒకడు బండి నడుపుతాడు, వెనకవాడు ఫోన్ పట్టుకుని నీ వెనక చక్రం పక్కకొచ్చి "ఒక్కసారి సౌండ్ బావా" అంటాడు. వాళ్ళ మనసులో చెడు లేదు. కానీ నా దృష్టిలో హైవే మీద నీకున్న అతి పెద్ద ప్రమాదం వీళ్ళతోనే, ఆ ఎస్‌యూవీ వాడితో కాదు. ఎందుకంటే నీ కారు వెనక భాగం వెడల్పు, పక్కన గుడ్డి కోణం ఎక్కువ. బైకు అక్కడ ఉంటే నీ అద్దంలో కనిపించదు. వాడు ఒంటిచేత్తో నడుపుతుంటాడు, హెల్మెట్ ఉండదు. ఆ క్షణంలో నువ్వు కుక్క కోసం కాస్త పక్కకి తిప్పినా చాలు.

వీళ్ళకి మందు చాలా తేలిక. యాక్సిలరేటర్ అస్సలు కదపకు. సౌండ్ ఇవ్వకు. ఒక్కసారి ఇచ్చావంటే ఇంకో పది కిలోమీటర్లు వెంటపడతారు. నవ్వి, చెయ్యెత్తి, ముందున్న పెట్రోల్ బంకు వైపు చూపించు. ఇండికేటర్ వేసి మెల్లగా అక్కడ ఆపు. దిగి, ఫొటోలు తీసుకోనీ. బానెట్ ఎత్తి చూపించు, కావాలంటే సీట్లో కూర్చోబెట్టు. అయిదు నిమిషాల పని. వెళ్ళేటప్పుడు "తమ్ముళ్ళూ, నడుస్తున్న బండి పక్కకి మాత్రం రాకండి, నాకు మీరు కనిపించరు" అని చెప్పు. పెద్దవాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా వినని కుర్రాళ్ళు, మస్టాంగ్ నడిపేవాడు చెప్తే వింటారు. నేను చూశాను. ఎచ్చెర్ల బంకులో నాతో ఫొటో దిగిన ఒక కుర్రాడు, ఏడాది తర్వాత అదే బంకులో హెల్మెట్ పెట్టుకుని కనిపించి, హెల్మెట్ చూపిస్తూ నవ్వాడు.

రెండో రకం, నిజంగా పందెం కావాలనేవాడు. ఇతన్ని గుర్తుపట్టడం సులువు. పక్కకొచ్చి నీ స్పీడుకి తన స్పీడు కలుపుతాడు, కాస్త ముందుకి దూకుతాడు, మళ్ళీ తగ్గుతాడు. వాడికి నీ నుంచి కావాల్సింది జవాబు. అద్దం దించడం జవాబే, కళ్ళలోకి చూడడం జవాబే, గేర్ తగ్గించడం జవాబే. కోపంగా చూసినా జవాబే. ఏదీ ఇవ్వకు. ఎగ్జాస్ట్ సౌండ్ తక్కువ పెట్టుకునే వీలుంటే హైవే ఎక్కేముందే పెట్టుకో. నీ స్పీడు నుంచి పదేసి తగ్గించుకుంటూ ఎడమకి వచ్చెయ్యి. ఠక్కున బ్రేక్ కొట్టకు, వెనకాల లారీ ఉండొచ్చు.

ఇక్కడ నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసిన ఉపాయం చెప్తాను. ఎడమ లేన్‌లో నిలకడగా పోతున్న లోడు లారీనో ఆర్టీసీ బస్సునో చూసుకుని, తగినంత దూరం వదిలి దాని వెనక చేరిపో. అరవైలో, పది నిమిషాలు. పాట పెట్టుకో. పందెం కోసం వచ్చినవాడికి అరవైలో పోవడం నరకం. ఒకసారి చూస్తాడు, రెండుసార్లు హారన్ కొడతాడు, వెళ్ళిపోతాడు. వెళ్ళిపోయాక నువ్వు వెంటనే స్పీడందుకుని అతన్ని దాటకు. దాటావంటే కథ మొదటికొస్తుంది. ఇంకో పది నిమిషాలు అలాగే ఉండు. నాతవలస నుంచి శ్రీకాకుళానికి గంటలోపు దారి, పది నిమిషాల్లో పోయేదేమీ లేదు.

ఇంకొకటి, నిన్ను తప్పుపట్టడానికి కాదు, అడుగుతున్నాను. ఆ ఎస్‌యూవీ వెనకాల లైట్లు కొట్టినప్పుడు నువ్వు ఏ లేన్‌లో ఉన్నావు? కుడి లేన్‌లోనే ఉండి "నేను వందలో పోతున్నాను కదా, ఇంతకంటే ఎందుకు" అనుకున్నావా? చాలామంది మంచి డ్రైవర్లు కూడా ఇక్కడే గొడవ తెచ్చుకుంటారు. కుడి లేన్ దాటడానికి. దాటాక ఎడమకి వచ్చెయ్యాలి. వెనకవాడు రూలు తప్పుతున్నా సరే, వాడికి బుద్ధి చెప్పే పని మనది కాదు, దారివ్వడం మన పని. నాలుగు లేన్ల డివైడర్ రోడ్డు మీద కార్లకి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి 100. రోడ్డు పక్క బోర్డు 80 అంటే 80యే. నీ కార్లో 100 అంటే బండి కదులుతున్నట్టే అనిపించదు, అందుకే మీటరు చూసుకుంటూ ఉండు, ఒంటికి తెలియదు.

ఇక ముందుకొచ్చి బ్రేక్ వేసేవాడు. వీడు ఆట కోసం రాలేదు, కోపంలో ఉన్నాడు. తాగి కూడా ఉండొచ్చు. మామూలుగానే ముందు బండికి మూడు సెకన్లు దూరం ఉంచు. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే "ఒకటి, రెండు, మూడు" అని నింపాదిగా లెక్కపెట్టు. మూడు అనకముందే నువ్వు ఆ స్తంభం చేరితే దగ్గరగా ఉన్నట్టు. వాడు బ్రేక్ వేస్తే నువ్వు స్టీరింగ్ తిప్పి తప్పించుకోవాలని చూడకు, నేరుగా తగ్గు. వాడు నిన్ను ఆపేసి దిగాలనుకుంటే, ఆగేటప్పుడు వాడి వెనక టైర్లు రోడ్డుకి ఆనిన చోటు నీకు కనపడేంత దూరంలో ఆగు. అప్పుడు రివర్స్ లేకుండా పక్కనుంచి బయటపడొచ్చు. నీ బానెట్ పొడుగు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే వదులు. తలుపులు లాక్, అద్దాలు పైకి, రెండు చేతులు స్టీరింగ్ మీద. దిగకు. తప్పు నీది కాకపోయినా చెయ్యి ఎత్తి "సారీ" అన్నట్టు చూపించు. ఆ ఒక్క సైగకి ఎత్తిన కర్ర దించినవాళ్ళు నాకు తెలుసు.

వాడు వదలకుండా వెంటపడితే ఇంటికి మాత్రం పోకు. నీ ఇల్లు వాడికి చూపించినట్టవుతుంది. చీకటి సర్వీసు రోడ్లు దిగకు. నాతవలస, మడపాం టోల్ ప్లాజాలు ఉన్నాయి. లైట్లు, కెమెరాలు, మనుషులు ఉంటారు. లేదా దారిలో ఉన్న పోలీస్ స్టేషన్ ముందు ఆపు. 112కి ఫోన్ చెయ్యి, పక్కన మనిషి ఉంటే వాళ్ళతో చేయించు. హైవే మీద సాయానికి 1033 కూడా పనిచేస్తుంది. ఫోన్లో చెప్పేటప్పుడు బండి నంబరులో చివరి నాలుగంకెలు, రంగు, ఏ వైపు పోతున్నావో, పక్కన కిలోమీటరు రాయి మీద ఏముందో చెప్పు. "రణస్థలం దగ్గర" అంటే వాళ్ళకి ఎక్కడని వెతకాలో తెలియదు. ముందూ వెనకా డ్యాష్ కెమెరాలు పెట్టించుకో, వెనక కెమెరా ముఖ్యం. ఆ క్లిప్పు పోలీసులకివ్వు. వాట్సాప్ గ్రూపుల్లో వెయ్యకు. నంబరు ప్లేటుతో ఊరంతా తిరిగితే కేసు సంగతి పక్కనపెట్టి నీకూ వాడికీ పగ మిగులుతుంది.

చట్టం గురించి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో బండ్ల మధ్య ఏ రకమైన పందెమైనా, స్పీడు పరీక్షైనా నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే ఏడాది దాకా, 10,000 దాకా. ఐదువేలే కదా అనుకోకు. మనిషి పోతే అది భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్, ఐదేళ్ళ దాకా జైలు. నీ ఇన్సూరెన్స్ కాగితం తీసి "వాడకానికి పరిమితులు" అన్న చోట చదువు. పందేలకీ స్పీడు పరీక్షలకీ వాడితే పాలసీ వర్తించదని ఉంటుంది. ఆ పక్క బైకు మీద కుర్రాడు తీసిన వీడియోనే రేపు నీ క్లెయిమ్‌కి అడ్డు పడుతుంది. మీ మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు, నడపమని ఏడుస్తున్నాడు అన్నావు. వద్దు. పద్దెనిమిది నిండని పిల్లాడి చేతిలో బండి దొరికితే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. వాడికి ఇరవై ఐదేళ్ళొచ్చేదాకా లైసెన్స్ రాదు.

"పిరికివాడంటారు" అన్నావు చూడు, ఆ మాట దగ్గర నాకు బాధేసింది. ఎవరంటారు తమ్ముడూ? ఆ ఎస్‌యూవీ వాడికి నీ పేరు తెలియదు, ఊరు తెలియదు. రణస్థలం దాటాక నిన్ను మళ్ళీ జన్మలో చూడడు. ఆ మాట అనేది మన కార్లోనే కూర్చుని ఉంటాడు. నా విషయంలో అది మా బావమరిది. మంచివాడు, నాకు తమ్ముడిలాంటివాడు. కానీ పక్క సీట్లో కూర్చుంటే చాలు, "తొక్కు బావా, ఎల్లిపోతన్నాడు సూడు" అంటాడు. నా కాలు తెలియకుండానే కిందికి దిగిపోయేది. ఒకరోజు బండి పక్కకి ఆపి, "తొక్కమనేవాళ్ళు వెనక కూర్చోవాలి" అని చెప్పి వెనక్కి పంపించాను. కొన్నాళ్ళు అలిగాడు. ఇప్పుడు ముందే కూర్చుంటాడు, ఎవడైనా హారన్ కొడితే "పోనీ బావా" అని తనే అంటాడు. నీ పక్కన ఎవరు కూర్చుంటారో ఆలోచించుకో.

నేనింకొక పని చేశాను. వెనక ఉన్న ఆర్‌ఎస్ బ్యాడ్జి తీయించేశాను. చూసేవాళ్ళకి మామూలు ఆక్టేవియా. పిలుపులు సగానికి సగం తగ్గాయి. పసుపు మస్టాంగ్‌కి ఆ వీలు లేదు, దాన్ని దాచలేం. అందుకే నువ్వు నాకంటే ఎక్కువ ఓపిక పట్టాలి, తప్పదు.

బండి గురించి కూడా నాకు కొంచెం భయంగానే ఉంది, నిజం చెప్తున్నా. నీది వెనక చక్రాలతో నడిచే కారు. నువ్వు ఇంతకుముందు నడిపినవన్నీ ముందు చక్రాలతో నడిచేవి. తొలకరిలో మొదటి చినుకులు పడ్డప్పుడు రోడ్డు మీద దుమ్మూ, లారీల నుంచి కారిన ఆయిలూ కలిసి జారుడుగా తయారవుతాయి. ఆ రోడ్డు మీద, వంతెన దిగే మలుపులో, వాడెవడో హారన్ కొట్టాడని నువ్వు ఒక్కసారి గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకి జారిపోతుంది. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఎప్పుడూ ఆపకు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి టైర్ల వయసు చూడు. టైరు పక్క భాగం మీద DOT అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అరుగుదల తక్కువగా కనిపించినా ఆరేళ్ళు దాటితే మార్చెయ్యి, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి. పాతబడితే తేమ పట్టి, గట్టిగా రెండుమూడుసార్లు బ్రేక్ కొట్టేసరికి మరిగి పెడల్ మెత్తగా దిగిపోతుంది. నీకు అమ్మినవాడు ఎప్పుడు మార్చాడో బిల్లు లేదంటే మార్చలేదనే అనుకో.

ఆ ఇంజను పూర్తిగా వాడుకోవాలని నీకుంటుంది, ఉండాలి కూడా. దానికి చోటు ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ సర్క్యూట్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే. మామూలు కారు ఓనర్లు సొంత బండ్లతో నడుపుకునే ట్రాక్ రోజులు అక్కడ జరుగుతుంటాయి. హెల్మెట్ పెడతారు, ఎదురొచ్చేవాడు ఉండడు, మలుపు తప్పితే ఇసుకలో ఆగుతావు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. మనకి చెన్నై ఒక రోజంతా ప్రయాణం, కష్టమే. నేను ఒక్కసారే వెళ్ళాను. మొదటి అరగంటలోనే తెలిసింది, ఇన్నాళ్ళూ నేను బాగా నడుపుతాననుకున్నది తప్పని. ఎక్కడ బ్రేక్ వేయాలో, మలుపులో ఎటు చూడాలో అక్కడ కూర్చోబెట్టి నేర్పించారు. తిరిగొచ్చాక హైవే మీద ఎవడు పక్కకొచ్చినా నా ఒంట్లో ఆ దురద లేదు. ఈసారి నువ్వొస్తానంటే ఇద్దరం కలిసి వెళ్దాం, డ్రైవింగ్ పంచుకుందాం.

ఈ ఆదివారం నేను పలాస వెళ్తున్నాను. పొద్దున్న ఏడింటికి శ్రీకాకుళం దాటతాను, నీ బండి చూడాలని నాకూ ఉంది. అప్పటిదాకా ఎక్కడికీ దూరం వెళ్ళకు. నాలుగు టైర్ల మీదా ఆ నాలుగంకెలు వేరువేరుగా ఉండొచ్చు, నాలుగూ చూసి ఇక్కడే కింద రాసిపెట్టు.